తన మీద జరిగిన వేధింపు గురించి బిడ్డ నోరు తెరిచిన మొదటి పది నిమిషాలకు సిబ్బందినీ, ఫోస్టర్ కుటుంబాలనూ ఎలా తయారుచేయాలి?

మీరడిగింది ఇదీ: హన్మకొండలో ఒక బాలల గృహం సిబ్బందికి, రెండు క్రెష్‌ల ఆయమ్మలకు, ఫోస్టర్ కేర్‌లో, అంటే దత్తత కాకుండా పెంపకానికి, పిల్లలను తీసుకున్న కొన్ని కుటుంబాలకు కలిపి రెండు రోజుల బాలల రక్షణ శిక్షణ పెట్టాలి. పోయినసారి ఒక వకీల్ సాబ్ వచ్చి పూటంతా చట్టం చెప్పిపోయారు, నెల తర్వాత అడిగితే ఎవరికీ ఏదీ గుర్తులేదు. ఈసారి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

గుర్తులేకపోవడం వాళ్ల తప్పు కాదు. ఆయమ్మకు సెక్షన్ నంబరుతో పనిపడదు. పొద్దుమూకి జడ వేస్తుంటే పిల్ల "అక్కా, నీకొకటి చెప్తా, ఎవ్వలకు చెప్పొద్దు" అన్నప్పుడు ఆమె నోటికి ఏ మాట వస్తుందన్నదే ముఖ్యం. ఆ మాట సరిగ్గా వస్తే పోలీసులు, బాలల సంక్షేమ సమితి, కోర్టు పనిచేయడానికి దారి దొరుకుతుంది. తప్పుగా వస్తే పిల్ల నోరు మూసుకుంటుంది, ఏళ్ల తరబడి మళ్లీ తెరవదు. లేదంటే మనం అందించిన మాటలనే తన మాటలుగా చెప్పి కోర్టులో ఎదురు ప్రశ్నలకు తట్టుకోలేకపోతుంది. అందుకని రెండు రోజుల్లో సగానికి పైగా సమయం వినడం, రాయడం, ఫోన్ చేయడం మీద సాధనకు ఇవ్వండి. చట్టానికి మొత్తం గంటన్నర చాలు.

ముందు ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో చూడండి. మూడు గుంపులనూ రెండు రోజులూ కలిపి కూర్చోబెడితే ఫోస్టర్ తల్లిదండ్రులు నోరు విప్పరు. ఏదన్నా ఇబ్బంది చెబితే బిడ్డను తీసుకుపోతారేమోనన్న భయం వాళ్లకుంటుంది. సూపరింటెండెంట్ ఎదురుగా ఉంటే ఆయమ్మ కూడా మాట్లాడదు. మొదటి రోజు అందరూ కలిసి, రెండో రోజు విడివిడిగా పెట్టండి. సూపరింటెండెంట్లకు, యాజమాన్యానికి ఒక గంట ప్రత్యేకంగా ఉండాలి, ఎందుకంటే వాళ్ల బాధ్యత వేరు, శిక్ష కూడా వేరు. ఒక బ్యాచ్‌లో ఇరవై నాలుగు మందికి మించొద్దు. వంటమనిషి, వాచ్‌మన్, పిల్లలను బడికి తీసుకెళ్లే ఆటో డ్రైవర్, సాయంత్రం ట్యూషన్ చెప్పే పిల్లగాడు, వీళ్లందరినీ పిలవండి. పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, కింద 2020లో వచ్చిన నిబంధనలు పిల్లలతో పనిచేసే ఏ సంస్థ అయినా ప్రతి ఉద్యోగికీ, కాంట్రాక్టు మనిషికి కూడా, పోలీసు వెరిఫికేషన్ చేయించాలని, ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని చెబుతున్నాయి. బోధనా సిబ్బంది, బోధనేతర సిబ్బంది అన్న తేడా అక్కడ లేదు. రాత్రి డ్యూటీలో ఉండేది వాచ్‌మన్. పిల్లలు ఎక్కువగా మనసు విప్పేది వంటామె దగ్గర. పిలుపు మాత్రం టీచర్లకే పోతుంటుంది.

మొదటి పూట సాధన ఇలా చేయించండి. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టండి: ఒకరు పిల్ల, ఒకరు పెద్ద, ఒకరు చూసేవాళ్లు. పిల్ల పాత్ర వేసేవాళ్లకు ఒక చీటీ ఇవ్వండి, అందులో మూడు వాక్యాలకు మించి ఉండొద్దు. ఉదాహరణకు: "నాకు ఇగ ట్యూషన్‌కు పోబుద్ధైతలేదు. సారు అందరూ పోయినంక నన్ను ఉండుమంటడు. నాకు మంచిగనిపిస్తలేదు." వివరంగా వర్ణించే చీటీలు రాయొద్దు, జరిగిన కేసులను వాడొద్దు, పిల్లల చేత ఈ పాత్రలు ఎప్పుడూ వేయించొద్దు. ఏడు నిమిషాలు మాట, మూడు నిమిషాలు చూసినవాళ్ల అభిప్రాయం, తర్వాత పాత్రలు మారాలి. ముగ్గురూ మూడు పాత్రలు వేసేసరికి అరగంట. ఇలాంటివి వేర్వేరు చీటీలతో నాలుగు విడతలు చేయించాలి. మొదటి విడతలో అందరూ నవ్వుతారు. రెండో విడతలో ఉపన్యాసాలిస్తారు. మూడో విడతలో గానీ నిజంగా వినడం మొదలుకాదు. అందుకే ఒక్క విడతతో ఆపేస్తే ఆ పూట వృథా.

పెద్ద పాత్రలో ఉన్నవాళ్లకు దాదాపు ఎప్పుడూ వచ్చే తప్పులు నాలుగు. ఒకటి, ముఖం. "అయ్యో దేవుడా" అంటూ నెత్తి కొట్టుకుంటే పిల్ల అక్కడికక్కడ మాట మార్చేస్తుంది, "ఏం లేదక్కా, ఊకెనే అన్న" అంటుంది. రెండు, "మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" అన్న ప్రశ్న. అడిగేవాళ్లకు అది మామూలు ప్రశ్న, పిల్లకు మాత్రం తప్పు తనదే అని వినపడుతుంది. మూడు, జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగడం: "సారు నిన్ను ఇక్కడ ముట్టిండా?" ఇది అన్నిటికంటే ప్రమాదం. చిన్నపిల్లలు పెద్దలు ఆశించిన జవాబు ఇస్తారు, రేపు డిఫెన్స్ వకీలు మొదట పట్టుకునేది దీన్నే. నాలుగు, "ఎవ్వరికీ చెప్పను, ఒట్టు" అని మాటివ్వడం. గంటలోపే ఆ ఒట్టు తప్పాల్సి వస్తుంది, అప్పటికే ఒకరి చేతిలో మోసపోయిన పిల్లకు ఇది రెండో మోసం.

వాటి బదులు ఏమనాలో మీ దగ్గరి మాటల్లోనే నేర్పండి. పుస్తకాల తెలుగు రాసిస్తే ఆయమ్మ నోట్లో అది నిలవదు. "మంచిగ చేసినవ్ బిడ్డా, నాకు చెప్పినవ్." "నీ తప్పేం లేదు." "నీకు చెప్పబుద్ధైనంత చెప్పు, నేను వింటున్న." "ఆ తర్వాత ఏమైంది?" "అది నాకు ఇంకొంచెం సమజయ్యేటట్టు చెప్తవా?" రహస్యం అడిగితే: "ఇది నా ఒక్కదానితోని అయ్యే పని కాదు బిడ్డా. నిన్ను కాపాడేటోళ్లకే చెప్త. ఎవరికి చెప్తున్ననో నీకు ముందుగాల చెప్త." ఈ ఆరు వాక్యాలు రెండు రోజుల్లో ఒక్కొక్కరూ కనీసం పదిసార్లు పైకి అనాలి. మనసులో చదువుకుంటే రాదు.

ఎంతవరకు అడగాలన్నది కూడా తేల్చి చెప్పండి. ఉజ్జాయింపుగా ఏం జరిగింది, ఎవరు, చివరిసారి ఎప్పుడు ఎక్కడ, ఈ రాత్రి పిల్ల ఆ మనిషికి ఎదురుపడే అవకాశం ఉందా. ఈ నాలుగు తెలిస్తే ఆపేయాలి. ఎన్నిసార్లు, ఎలా, ఇంకెవరెవరు అన్నవన్నీ పోలీసులు, కౌన్సిలర్లు అడుగుతారు. మనకు తెలియకుండానే పిల్ల చేత నాలుగుసార్లు చెప్పిస్తాం: ఆయమ్మకు ఒకసారి, వార్డెన్‌కు ఒకసారి, సూపరింటెండెంట్‌కు ఒకసారి, సెక్రటరీ గారు వచ్చాక మరోసారి. మొదట విన్నవాళ్లు రాసిన కాగితమే పైకి పోవాలి, పిల్ల పోవద్దు.

ఆ కాగితం రాయడం దగ్గరే ఎక్కువ చెడుతుంది. ఒక చిన్న పరీక్ష పెట్టండి. పాత్రలు అయిపోగానే పెద్ద పాత్ర వేసినవాళ్ల చేత పిల్ల అన్న మాటలు రాయించి, చీటీతో పోల్చి చూపించండి. పిల్ల "మంచిగనిపిస్తలేదు" అంటే కాగితం మీద "అసభ్యంగా ప్రవర్తించాడు" అని ఉంటుంది. ఆ మాట పిల్లది కాదు. పిల్ల శరీర భాగానికి ఏ పేరు వాడితే ఆ పేరే రాయాలి, మర్యాద కోసం మార్చొద్దు. లంబాడీలోనో, కోయలోనో, గోండిలోనో, ఉర్దూలోనో అంటే విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసి, అర్థం పక్కన వేరేగా రాయాలి. మీరు అడిగిన ప్రశ్న కూడా రాయాలి, లేకపోతే జవాబు విలువ తెలియదు. తేదీ, సమయం, చోటు, అప్పుడు ఇంకెవరున్నారు, కాగితం రాసిన సమయం, సంతకం ఉండాలి. "భయపడుతున్నట్టుంది" అని రాయొద్దు. "మాట్లాడుతున్నంతసేపు చున్నీ కొస నమిలింది, రెండుసార్లు ఏడ్చింది" అని కంటికి కనిపించింది రాయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి, వైట్‌నర్ వాడొద్దు. ఆ రోజే రాయాలి. తర్వాత టైపు చేసినా చేతిరాత కాగితం దాచాలి. తాళం ఉన్న బీరువాలో ఉండాలి, అందరూ తిరగేసే డ్యూటీ రిజిస్టర్‌లో కాదు. ఫోన్‌లో ఫొటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు. పిల్ల గుర్తింపు బయటపడటం పోక్సో 23వ సెక్షన్, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కిందికి వస్తుంది. 74 కింద ఆరు నెలల వరకు జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు.

ఇక చట్టం. ఆ గంటన్నరలో నాలుగు సంగతులు గట్టిగా నాటితే చాలు.

మొదటిది, 18 ఏళ్ల లోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయమున్నా పోలీసులకు చెప్పడం ప్రతి మనిషి బాధ్యత. పోక్సో 19వ సెక్షన్ ఆయమ్మను, డాక్టర్‌ను, పక్కింటివాళ్లను వేరు చేయదు. రుజువు ఉండాలని అడగదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. సంస్థ బాధ్యుడు తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని చెప్పకపోతే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు ఏ చిక్కూ రాదు. "నేను సూపరింటెండెంట్ మేడంకు చెప్పిన, నా పని అయిపోయింది" అనడం సరిపోదు. మేడం చెప్పకపోతే విన్నవాళ్లే చెప్పాలి. ఆసిఫాబాద్ సరిహద్దు అవతల, చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక హాస్టల్ గిరిజన బాలికల కేసులో, విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై ఒక డాక్టర్ మీద పెట్టిన కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. వెంటనే చెప్పకపోతే ఈ చట్టం ఉద్దేశమే దెబ్బతింటుందని చెప్పింది. ఉత్తర తెలంగాణ హాస్టళ్లలో పనిచేసేవాళ్లకు ఈ ఒక్క కేసు చెబితే సగం పాఠం అందుతుంది.

రెండోది, గడువు. చాలామంది శిక్షకులు "24 గంటల్లో చెప్పాలి" అని తప్పు చెబుతారు. పోక్సో కింద మనకు అలాంటి తీరిక ఎక్కడా ఇవ్వలేదు, తెలియగానే చెప్పాలి. 24 గంటలన్నది పోలీసులు బాలల సంక్షేమ సమితికి, అంటే అందరూ సీడబ్ల్యూసీ అనేదానికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాల్సిన గడువు. దిక్కులేని పిల్లలను ఆ సమితి ముందు పెట్టడానికి జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉన్న గడువు కూడా 24 గంటలే, ప్రయాణ సమయం పోను. కాజీపేట ప్లాట్‌ఫాం మీద తిరుగుతున్న పిల్లాణ్ని జాలితో ఇంటికి తీసుకుపోయి మూడు రోజులు అన్నం పెట్టి ఆ తర్వాత ఫోన్ చేసేవాళ్లున్నారు. వాళ్ల మనసు మంచిదే, కానీ ఆ మూడు రోజులు పిల్లాడు ఎక్కడున్నాడో తల్లిదండ్రులకూ తెలియదు, పోలీసులకూ తెలియదు. తెలిసీ 24 గంటల్లో సమాచారం ఇవ్వకపోవడం నేరం కూడా. సమితి కూర్చోని రోజైనా, రాత్రివేళైనా ఒక్క సభ్యుని ముందు పెట్టినా చెల్లుతుంది. మేడారం జాతరకు వలంటీర్లను పంపే సంస్థ మీదైతే తప్పిపోయిన పిల్లల సంగతి ఇదే పూట చెప్పేయండి. "నేనే మేనమామను" అన్న మనిషి చేతికి పిల్లను ఇచ్చేయొద్దు, పోలీసుల ద్వారానే అప్పగించాలి.

మూడోది, ఎవరికి చెప్పాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, 112, దగ్గరి స్టేషన్, ఏదైనా సరే. పోక్సోకు మాత్రం 1098తో ఆగొద్దు, స్థానిక పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో సమాచారం చేరాలి. మీరిచ్చిన సమాచారం రాసి, నంబరు వేసి, మీకు చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. పిల్లను స్టేషన్‌కు తీసుకెళ్లక్కర్లేదు. ఇంట్లో గానీ, పిల్ల కోరుకున్న చోట గానీ, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. పిల్ల నమ్మిన మనిషి పక్కన ఉండొచ్చు. రాత్రిపూట ఏ కారణానా స్టేషన్‌లో ఉంచకూడదు. వరంగల్‌లో పోలీసుల భరోసా కేంద్రం ఉంది. కౌన్సిలింగ్, వైద్యం, న్యాయ సాయం ఒకే చోట దొరకడం కోసమే దాన్ని పెట్టారు. శిక్షణకు ముందే మీరు ఒకసారి అక్కడికి వెళ్లి మాట్లాడి రండి. ఎక్కడుందో చూసొచ్చిన మనిషి చెప్పే మాటకు, చదివి చెప్పే మాటకు తేడా సిబ్బందికి ఇట్టే తెలుస్తుంది. ఫోన్ చేయడం కూడా సాధన చేయించండి: నా పేరు, సంస్థ, పిల్ల వయసు, ఇప్పుడు ఎక్కడుంది, క్షేమంగా ఉందా, ఏం చెప్పింది, దెబ్బలున్నాయా, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు. రెండు నిమిషాల్లో చెప్పగలగాలి.

నాలుగోది, వైద్యం. వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకు పోయినా, ప్రైవేటు ఆసుపత్రికి పోయినా ఎఫ్‌ఐఆర్ తేవాలని, పోలీసు కాగితం కావాలని చికిత్స ఆపడానికి వీల్లేదు, డబ్బు అడగడానికీ వీల్లేదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. ఇటీవల జరిగిందైతే స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు. విప్పిన బట్టలను ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో తేమ చేరి ఆనవాళ్లు పాడవుతాయి. శరీరం మీది ఆనవాళ్లు నాలుగు రోజుల వరకు దొరకొచ్చు, కానీ గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. స్నానం అయిపోయిందని ఆసుపత్రికి పోవడం మానేయొద్దు. వైద్యం సాక్ష్యం కోసమే కాదు, పిల్ల కోసం.

మన దగ్గర ఇవన్నీ తెలిసి కూడా కేసు ఆగిపోయేది పెద్దమనుషుల దగ్గర. "అక్క పెండ్లి కావాల్సింది ఉంది", "కులంల పరువు పోతది", "ఇంత ఇప్పిస్తం, ఇడిసిపెట్టున్రి" అంటూ పంచాయితీ పెడతారు. పోక్సో నేరం రాజీతో మాఫీ అయ్యేది కాదని, ఆ గద్దె మీద కూర్చునే పని సిబ్బందిది కాదని గట్టిగా చెప్పండి. కుటుంబంతో పోట్లాడమని చెప్పొద్దు. తల్లికి చెప్పాల్సిన మాట వేరు: సమాచారం ఇవ్వడం నా చట్టపరమైన బాధ్యత, పిల్ల పేరు బయటికి రాదు, పరిహారం చట్టం ద్వారానే వస్తుంది, కేసు తీర్పు దాకా ఆగకుండా మధ్యంతర సాయం కూడా అడగొచ్చు, సీడబ్ల్యూసీ ఒక సపోర్ట్ పర్సన్‌ను ఇస్తుంది, ఆమె కేసు ముగిసేదాకా తోడుంటుంది. తల్లి భయంలో సగం ఒంటరితనమే. సపోర్ట్ పర్సన్ సంగతి చెప్పాక చాలామంది తల్లులు నిలబడతారు.

మగపిల్లల గురించి విడిగా పది నిమిషాలు తీయండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. అందులో మగపిల్లల వాటా ఆడపిల్లల వాటా కంటే తక్కువేమీ కాదు, చాలామంది ఎవరికీ చెప్పలేదు. బాలుర హాస్టల్‌లో పెద్ద పిల్లలు చిన్నవాళ్లను పెట్టే బాధను "పోరగాళ్ల ఆటలు" అని కొట్టేయడం మామూలైపోయింది. పోక్సో ఆడా మగా చూడదు.

రెండో రోజు క్రెష్ ఆయమ్మలకు గాయాలు చూడటం నేర్పాలి. మాటలు రాని బిడ్డ గురించి చెప్పేది ఒళ్లే. నడిచే, పరిగెత్తే పిల్లలకు మోకాళ్లు, మోకాలి కింది ఎముక, నుదురు, మోచేతులు కమలడం సహజం. చెవులు, మెడ, పొట్ట, వీపు, పిరుదులు, తొడల లోపలి వైపు మామూలుగా పడితే కమలవు. ఇంకా పాకని పసిబిడ్డ ఒంటి మీద ఎక్కడ కమిలినా అడగాల్సిందే, ఎందుకంటే ఆ వయసులో తనంతట తాను దెబ్బ తగిలించుకోలేదు. వేడినీళ్లు చిందిన కాలిన గాయం అంచులు అడ్డదిడ్డంగా ఉంటాయి. కాలో చెయ్యో ముంచి పట్టుకుంటే మేజోడు తొడిగినట్టు గీత గీసి ఉంటుంది. మరో వైపు జాగ్రత్త కూడా నేర్పండి. మన పసిపిల్లల్లో చాలామందికి నడుం కింద, పిరుదుల మీద పుట్టుకతో నీలి మచ్చలుంటాయి. దెబ్బ వారం పది రోజుల్లో రంగు మారి పోతుంది, ఈ మచ్చ అంత త్వరగా మారదు. అందుకే క్రెష్‌లో చేర్చుకున్న రోజే తల్లి ముందు ఒళ్లు చూసి బొమ్మ గీసిన కాగితం మీద ఉన్న మచ్చలన్నీ గుర్తు పెట్టుకోవాలి. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు బొమ్మలు చాలు. కమిలిన రంగును చూసి "మూడు రోజుల కిందటి దెబ్బ" అని రాయొద్దు, రంగును బట్టి వయసు కట్టడం డాక్టర్లకే కష్టం. ఎంత పొడవు, ఏ రంగు, ఎక్కడ అన్నది రాస్తే చాలు. తల్లి చెప్పిన కారణం కూడా ఆమె మాటల్లోనే రాయండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెబితే ఆ తేడా కాగితం మీదే కనిపిస్తుంది.

ఫోస్టర్ కుటుంబాల పూట అన్నిటికంటే నెమ్మదిగా నడవాలి. ఫోస్టర్ కేర్ దత్తత కాదన్నది ముందు తేలాలి. బిడ్డ మీద నిర్ణయాధికారం సీడబ్ల్యూసీది, ప్రతి నెలా తనిఖీ ఉంటుంది, కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద వచ్చే నెలకు 4,000 రూపాయలు బిడ్డ ఖర్చుకు. కేంద్రం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫోస్టర్ కేర్‌కు వచ్చే పిల్లలు ఆరేళ్లు దాటినవాళ్లు, 35 నుంచి 60 ఏళ్ల ఒంటరి వ్యక్తులు కూడా తీసుకోవచ్చు, ఒంటరి పురుషునికి మగపిల్లాణ్నే ఇస్తారు. ఆరేళ్లు దాటినవాళ్లంటే అప్పటికే ఎన్నో చూసొచ్చిన పిల్లలు. అందుకే పరుపు కింద చపాతీ దొరుకుతుంది, తొమ్మిదేళ్ల పిల్లాడు పక్క తడుపుతాడు, అడిగిన ప్రతిదానికీ అబద్ధం చెబుతాడు, చెయ్యెత్తగానే తల దాచుకుంటాడు. తిండి దాచడాన్ని దొంగతనమనుకుని తిడితే ఇంకా లోతుగా దాస్తాడు. పిల్లాడికి అందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి, అటుకులో పల్లీలో పోసి, "ఇది నీదే, ఎప్పుడైనా తిను, అయిపోతే మళ్ల నింపుత" అనాలి, అన్నట్టే నింపాలి. ఒక్కరోజు మరిచినా పని మొదటికొస్తుంది. కొన్ని వారాల్లో దాచడం తగ్గుతుంది, కొందరికి నెలలు పడుతుంది. పక్క తడిపితే బట్టలు పిల్లాడు తనే బకెట్లో వేసేలా నేర్పితే చాలు, ఇంటివాళ్ల ముందు ఆ మాటెత్తొద్దు.

ఇంట్లో నియమాలు బిడ్డ రాకముందే రాసుకోవాలి, ఇంట్లోని సొంత పిల్లలను కూడా కూర్చోబెట్టుకుని. బిడ్డకు వేరే పక్క. స్నానం తనే చేస్తుంది, తలుపు వేసుకుంటుంది, పెద్దలు తలుపు కొట్టి పిలవాలి. చుట్టాలొస్తే నిద్రచోట్లు మారతాయి కదా, ఫోస్టర్ బిడ్డ చోటు మాత్రం మారొద్దు. ముద్దు పెట్టమని, ఒళ్లో కూర్చోమని ఎవరినీ బలవంతం చేయనీయొద్దు. కొట్టడం అసలే లేదు. పని చేయించుకోవడానికి తెచ్చుకున్న బిడ్డ కాదు. సొంత పిల్లలు చేసే పని ఎంతో అంతే. ఊరికి తీసుకెళ్లాలన్నా, ఇల్లు మారాలన్నా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ముందే చెప్పాలి. రోజుకు నాలుగు వరుసల డైరీ రాయించండి: నిద్ర, తిండి, బడి, విశేషం. బిడ్డకు ఏదైనా జరిగినప్పుడు, ఇంటివాళ్ల మీదే ఫిర్యాదు వచ్చినప్పుడు కూడా, ఆ డైరీయే ఆధారం.

ఎవరూ అడగని, అందరి మనసులో ఉండే ప్రశ్న ఒకటుంది: ఫిర్యాదు మా అబ్బాయి మీదో, మా తమ్ముడి మీదో వస్తే? శిక్షకులు దీన్ని దాటేస్తారు, మీరు దాటేయొద్దు. బిడ్డను అడ్డంగా ప్రశ్నించొద్దు, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టొద్దు. ఆ క్షణం నుంచి ఇద్దరూ ఒంటరిగా ఉండే వీలు లేకుండా చూసుకోవాలి, ఇల్లు వదిలి వెళ్లాల్సింది బిడ్డ కాదు, ఆ మనిషి. అదే రోజు పోలీసులకు, పరిరక్షణ విభాగానికి చెప్పాలి. సొంతవాళ్ల మీద చెప్పడం ఎంత కష్టమో ఒప్పుకుంటూనే, ముందే ఈ మాట విని ఉన్న కుటుంబం ఆ రోజు తడబడదని వివరించండి. దీన్ని వినగానే "మాకు వద్దు" అని వెనక్కి తగ్గే కుటుంబం ఉంటే, అది బిడ్డ వచ్చాక కాకుండా ఇప్పుడే తెలిసింది.

గృహం సిబ్బంది పూటలో పుట్టినరోజు దాతల సంగతి తప్పక తీయండి. పండ్లు, కేకు పట్టుకుని వచ్చేవాళ్లను హాల్లోనే కూర్చోబెట్టాలి. పిల్లలు పడుకునే గదుల్లోకి తీసుకెళ్లొద్దు, ఫొటోలు వద్దు, ఒక్క పిల్లకు ప్రత్యేక బహుమతి వద్దు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం వద్దు, పేరు, ఆధార్, సమయం రిజిస్టర్‌లో ఉండాలి. మళ్లీ మళ్లీ వస్తూ ఒకే పిల్లను అడిగే మనిషిని గమనించాలి. దగ్గరవడం, కానుకలు, ఒంటరిగా తీసుకెళ్లడం, రహస్యం పెట్టించడం, ఈ వరుసను సిబ్బంది ఒకసారి గుర్తుపడితే ట్యూషన్ సారులోనూ, బంధువులోనూ, తోటి ఉద్యోగిలోనూ గుర్తుపట్టగలుగుతారు.

శిక్షణలో కూర్చున్న పెద్దల్లోనూ చిన్నప్పుడు ఇదే అనుభవించినవాళ్లుంటారు. అందుకే మొదటి అరగంటలోనే ఎవరైనా ఎప్పుడైనా లేచి బయటికి వెళ్లొచ్చని, పాత్ర వేయనంటే ఎవరూ కారణం అడగరని చెప్పండి. పక్క గదిలో ఒక కౌన్సిలర్‌ను రెండు రోజులూ ఉంచండి. ఏడుస్తున్న మనిషి కథ అందరి ముందూ చెప్పించొద్దు.

చివరి పరీక్ష బహుళైచ్ఛిక ప్రశ్నలతో పెట్టొద్దు. ఒక కొత్త చీటీ ఇచ్చి వినమనండి, రాయమనండి, ఫోన్ చేసినట్టు చెప్పమనండి, ఆ మూడింటికే మార్కులు. మూడు నెలల తర్వాత చెప్పకుండా వెళ్లి రాత్రి డ్యూటీ మనిషిని రెండే అడగండి: ఇప్పుడు ఒక పిల్ల వచ్చి చెబితే మొదట ఏమంటారు, ఎవరికి ఫోన్ చేస్తారు. 1098 అంకెలు పిల్లల కంటికి అందే ఎత్తులో ఉన్నాయో లేదో, పిల్లలకు ఫోన్ అందుబాటులో ఉందో లేదో అప్పుడే చూడండి. ఆరు నెలలకోసారి రెండు గంటల సాధన, కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఒక పూట పెట్టుకోండి. సర్టిఫికెట్లు ఇవ్వాలనుకుంటే ఆ మూడు నెలల పరీక్ష అయ్యాకే ఇవ్వండి.